కంచె బదులు హేజెల్‌నట్

హేజెల్‌నట్ బదులు యాష్ మొక్క పెట్టుకోమంటారా అయ్యగారూ? ఈ మాట మీదా, పక్కింటివాళ్ళదా? చెప్పకండి, తెలుసు. ఇందాకటి నుంచీ మీ కారు మా తోడికోడలు ఏనీ వాళ్ళ డ్రైవ్‌వేలోనే ఉంది. అక్కడ టీ తాగి, ఇక్కడికి మాట మోసుకొచ్చారు.

కూర్చోండి, నేనూ పెడతాను టీ. మా ఇంట్లో తాగితే మీకేం కాదులెండి. మీకు ఎలర్జీలు లేవుగా.

యాష్ మంచి చెట్టే, కాదనను. ఈ ఇల్లు కొన్నప్పుడు వెనక యార్డులో ఉన్నది అదే. ఏం నీడండీ అది! వేసవి వచ్చిందంటే భోజనాలన్నీ దాని కిందే.

మరి ఏమైంది దానికి? పేరుకే లండన్ అయిన ఈ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ఆకుపచ్చ పురుగండీ, చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాని పిల్లలు బెరడు కింద చేరి తింటూ పోతాయి. పైన ఆకులు నిగనిగలాడుతూనే ఉంటాయి. మనకి తెలిసేసరికి చెట్టు అయిపోతుంది. మాదీ అలాగే పోయింది, మొద్దు మిగిలింది.

నిన్న నర్సరీలో అడిగాను కూడా, మీరనుకుంటున్నట్టు మూర్ఖంగా ఏం పోలేదు. యాష్ ఉందా అంటే అక్కడి అమ్మాయి నన్ను వింతగా చూసింది. ఈ ఊళ్ళో ఇప్పుడెవరూ అది పెట్టరంది. పెడితే చస్తుందని తెలిసిన చెట్టు నాకు సలహా చెప్పి పంపింది మా తోడికోడలు. రేపది చచ్చాక, "పోనీలే అక్కా, అయిపోయిందిగా" అంటుంది. ఆ మాట దానికి బాగా అలవాటు.

హేజెల్‌నట్‌కి ఆ గొడవ లేదు. మరీ ఎత్తు పెరగదు, అడుగు నుంచే గుబురుగా లేస్తుంది. మంచు పూర్తిగా కరగకముందే తోకల్లాంటి పూత వేలాడుతుందట. సెప్టెంబరుకి కాయలు. ఉడతలకైతే పండగే. సగం తిని సగం పాతిపెడతాయి, ఈ యార్డులోనూ ఆ యార్డులోనూ, ఏనీ కొడుకు రూబెన్‌గాడి ఉయ్యాల కిందా.

ఎందుకలా చూస్తారు? నేనేం పాతిపెట్టట్లేదుగా. ఉడతలకి మీరు వాక్యం చెప్పండి.

మీరు ఈ సంఘానికి వచ్చి ఎంతో కాలం కాలేదు, మొదటి సంగతి మీకు తెలీదు. ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న ఈ రెండిళ్ళూ అన్నదమ్ములిద్దరూ ఒకేసారి కొన్నారు. ఇది మా ఆయన ప్రేమానందంగారిది, అది మా మరిది ఇమ్మాన్యుయేల్‌ది. గృహప్రవేశం ప్రార్థన అయిన మర్నాడే యార్డు మధ్య కంచె పీకేశారు. అన్నదమ్ముల మధ్య కంచేంటి అని. ఊరంతా మెచ్చుకుంది. నేనూ మురిసిపోయాను. పిచ్చిదాన్ని.

రూబెన్ ఆ కంచె లేని చోటే పెరిగాడండీ. నాకు పిల్లల్లేరని మీకు తెలుసు. పొద్దున్నే పాల గ్లాసు పట్టుకుని ఇటొచ్చేసేవాడు. వాడికి నట్స్ పడవని తెలిసిన రోజున నా వంటింట్లో ఉన్న జీడిపప్పు, బాదం అన్నీ తీసి పారేశాను. గిన్నెలు మార్చాను. మా ఆయన పాయసంలో జీడిపప్పు తిని ఎన్నేళ్ళయిందో అడగండి.

అలాంటిది మొన్నటి క్రిస్మస్. మీరూ ఉన్నారుగా, ఆ సోఫాలోనే కూర్చున్నారు. వాడి పెదాలు వాచాయి, మెడంతా ఎర్రగా దద్దుర్లు. ఏనీ వాడి తొడలో ఎలర్జీ సూది పొడిచి, అంతమంది ముందు నా వైపు తిరిగి ఏమంది? "ఏం పెట్టావక్కా వాడికి?" అంది. ఏమైంది అనలేదు. ఏం పెట్టావు అంది.

గులాబీ పువ్వులు పెట్టాను. మైదా, గుడ్డు, పంచదార. అంతే.

హాస్పిటల్లో వాడి ప్యాంటు జేబులోంచి చాక్లెట్ రేపర్ బయటపడింది. లోపల హేజెల్‌నట్ ఉన్న చాక్లెట్. మా మరిదికి ఆఫీసులో ఇచ్చిన గిఫ్ట్ డబ్బాలోది. వాళ్ళింట్లోది, వాళ్ళ బల్ల మీదది. నేనే చూశాను, ఏనీ చేతిలో పెట్టాను. ఏమందో తెలుసా? పోనీలే అక్కా, అయిపోయిందిగా అంది.

అయిపోయిందా? ఆ ఆదివారం మీరు ప్రార్థనలో ఏమన్నారు అయ్యగారూ? పెద్దమ్మ ఇంట్లో తిన్నదాని వలన అపాయంలో పడిన బిడ్డ, అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను, అలవాటు కొద్దీ. అప్పటి నుంచి ఆరాధన అయ్యాక పెట్టే ప్రేమ విందులో నా పులిహోర గిన్నె మూత తీసినవాళ్ళు లేరు. ఎలా తీసుకెళ్ళానో అలా వెనక్కి తెచ్చుకుంటున్నాను. ఇప్పుడు నన్ను వడ్డన నుంచి తీసి కుర్చీలు వేసే పనికి మార్చారు. రూబెన్ మా ఇంటికొచ్చి వెళితే వాళ్ళమ్మ చేతులు కడిగిస్తుంది. కిటికీలోంచి కనబడుతుందండీ.

నేనడిగింది ఏంటి? సంఘం ముందు నిలబడి ఒక్క ముక్క చెప్పమన్నాను. తప్పు అక్కది కాదు, మాది అని. దానికి వాళ్ళు పంపింది ఏంటి? యాష్ మొక్క సలహా.

రేపు బల్లారాధన అని నాకు తెలుసు. సమాధానపడకుండా బల్ల దగ్గరికి రాకూడదనీ తెలుసు. నేను రాను. ఆ రొట్టె, ద్రాక్షారసం ఏనీని తీసుకోమనండి. అది తీసుకోగలదు, దాని గొంతు దిగుతుంది.

రూబెన్‌ని తల్చుకోమంటారా? పొద్దున తల్చుకునే ఉన్నాను. నేను మొద్దు పక్కన గొయ్యి తవ్వుతుంటే వచ్చాడు, చిన్న పార పట్టుకుని. హెల్ప్ చేస్తానన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. "ఇది నట్ చెట్టు నాన్నా. దీని దగ్గరికొస్తే నువ్వు చచ్చిపోతావు. ఇంక ఇటు రాకు."

అవునండీ, అలాగే చెప్పాను. ఆరేళ్ళవాడికి అర్థమవ్వాలంటే ఇంకెలా చెబుతారు?

వాడు, "ఫరెవర్?" అన్నాడు. అవునన్నాను. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. "ఓకే పెద్దమ్మా" అని వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, వాళ్ళ మెట్ల మీద నిలబడి, బాల్ ఇటు విసిరెయ్యవా అన్నాడు. విసిరాను. పట్టుకోలేదు. ముట్టుకోవచ్చో లేదో అని దాని చుట్టూ తిరిగి చూసి, లోపలికెళ్ళిపోయాడు.

కళ్ళు తుడుచుకోండి. మీరు ఏడ్చి నాకేం లాభం? ఆ ఆదివారం ఏడవాల్సింది.

సరే, పెద్దవారు, గడప తొక్కి వచ్చారు. ఒక సంగతి చెబుతాను, మీలోనే ఉంచుకోండి. హేజెల్‌నట్ ఒక్కటే ఉంటే కాయదట. పక్కన వేరే రకం ఇంకొకటి ఉండాలట. నర్సరీ అమ్మాయి మరీ మరీ చెప్పింది, రెండు తీసుకెళ్ళమని. నేను తెచ్చింది ఒక్కటే. దానికి జన్మలో ఒక్క కాయ కాయదు.

మొహం వెలిగిపోయిందే! అప్పుడే లేవకండి. ఏనీకి చెప్పారంటే సోమవారం పొద్దున్నే వెళ్ళి రెండోది తెస్తాను. ప్రమాణం చేసి చెబుతున్నాను. అది రోజూ కిటికీ తెరిచి ఈ మొక్కని చూడాలి, కొడుకెక్కడున్నాడని పరిగెత్తాలి. నామీద వేసిన భయం కొన్నాళ్ళు అది మొయ్యాలి.

పోనీ వాడికొక్కడికీ చెప్పమంటారా?

ఎలా చెబుతానండీ? పసివాడు, వాళ్ళమ్మ దగ్గర ఏదీ దాచలేడు. వాడికీ చెప్పను. వాడు అటే ఉంటాడు, నేను ఇటే ఉంటాను. టీ చల్లారిపోతోంది, తాగండి.