లైన్ కలిపాక

1986, న్యూజెర్సీ రేవు. యార్డ్ ఆఫీసులో ఆయన, ఓడల కంపెనీలో ఆమె. దిగిన కంటైనర్ల నంబర్లు రోజూ ఆయన ఫోన్‌లో చదివితే, ఆమె తన కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడలేదు.

“నమస్తే అండీ, ఇవాళ్టి నంబర్లు చెప్పనా?”

“ఆగండాగండి. అవన్నీ అప్పుడే నా స్క్రీన్ మీదున్నాయి. నేనేం టైప్ చేయలేదే!”

“రాత్రి రెండు కంప్యూటర్లకీ లైన్ కలిపారటండీ. నేనిక్కడ కొడితే మీకక్కడ పడుతుందట.”

“అయితే ఇంక మీరు చదవక్కర్లేదా?”

“అక్కర్లేదన్నారు.”

“మరి ఫోనెందుకు చేశారు?”

“అదే నాకూ అర్థం కావట్లేదండీ. సీట్లో కూర్చోగానే డయల్ చేసేశాను... హలో? పెట్టేయనా మరి?”

“ఉండండుండండి. ఇవాళ లంచ్‌కి ఏం కూర తెచ్చుకున్నారో, అది నా స్క్రీన్ మీద పడలేదు.”