ఎర్ర బొట్టు బంతి

అమెరికాలోని అల్ఫారెట్టాలో జంటల గోల్ఫ్ పోటీ. చివరి హోల్‌లో, భర్త కొట్టిన బంతిని భార్య వెళ్లి చూసొచ్చింది.

“ఏమండీ, మీరు కొట్టింది నా బాల్.”

“దాని మీద నా గుర్తు, ఎర్ర బొట్టుంది కదా!”

“అత్తయ్యగారు మార్కర్‌తో డబ్బాలో బాల్స్ అన్నిటికీ పెట్టారు. నంబర్ చూడలేదా? మీది నాలుగు, నాది రెండు.”

“అవతలి జంట గమనించలేదులే. ఊరుకో.”

“నేనే చెప్పేశాను. వేరే బాల్ కొట్టారు కాబట్టి ఈ హోల్‌లో మీరింక ఆడకూడదు. నాకు పెనాల్టీ లేదు. నా బాల్ పాత చోటే పెట్టి నేను ఆడతాను.”

“స్కోర్ సమానంగా ఉందే! అంతా నీ మీదే పడింది. సరే, మోచెయ్యి వంచకుండా…”

“పొద్దుట్నుంచీ చెబుతూనే ఉన్నారు. ఈ ఒక్క షాట్‌కైనా నా బ్యాగ్ పట్టుకుని నిలబడండి.”