మునెమ్మ సంచిలో ఏముండాది

బండాపు బండాపు బండెక్కినోడా
దువ్వెన్న మరిసితిని దిగిపోతనయ్యా
బండాపు బండాపు... అద్దమో, ఆకు సంచో...

ఆపైన గుర్తుకు రాలేదు పాపా. నాట్లు నాటేటప్పుడు మా పెద్దమ్మ పాడతాండె. ఒకాయమ్మ అది మరిసినా, ఇది మరిసినా అని బండి ఆపిస్తానే ఉంటాది, కడాకు ఊరు దాటేదే లేదు. మరిసిపోయేదాని మీద పాట, ఆ పాటే నేను మరిసిపోతి, సూడు!

ఏమడిగితివి? కుప్పానికి పరీక్షకు పోతాండా, సంచిలో ఏమేం పెట్టుకోవల్ల అనా? సబ్బు, తువ్వాల అందురూ చెప్తారులే. నేను చెప్పేది మునెమ్మ సంచి సంగతి. ఆ సంచి నాది కాదు. మునెమ్మ ఎవరో కూడా అప్పటికి నాకు తెలీదు.

మీ చిన్నవ్వ రెడ్డెమ్మ లేదూ, నా చెల్లెలు. దానికి ఒక కన్ను ఎప్పుడో పోయ. మిగిలిన కంటికి కుప్పం ఆస్పత్రిలో ఆపరేషన్ అన్నారు. దాన్ని ముందే ఆడ చేర్చిండారు. మదనపల్లిలో తీసిన స్కాను కాగితాలేమో నా దగ్గర ఉండిపోయ. పగలు పన్నెండు లోపల కాగితాలు సూపిస్తే ఆ పొద్దే చేస్తాము, లేదంటే మళ్లా నెలకు అన్నారంట. నెల ఆగితే ఆ కన్నూ నిలిచేది కష్టమని డాక్టరమ్మ చెప్పిండాది. కాగితాలు సంచిలో పెట్టుకుని పుంగనూరులో తెల్లారి బస్సెక్కినా.

ఆ సంచి ఏ సంచి అనుకున్నావు? ముందురోజు మదనపల్లిలో పెండ్లికి పోయింటి కదా, ఆడ ఇచ్చిన తాంబూలం సంచి. పసుప్పచ్చది. టెంకాయ తీసి దేవునికాడ పెట్టి, అదే సంచిలో కాగితాలు, మారుచీర, ఆకు వక్క వేసుకున్నా. మనోళ్లు అంతే కదా, తాంబూలం సంచి చిరిగేదాకా ఊర్లన్నీ తిప్పుతారు.

బస్సులో నిలబడను కూడా చోటు లేదు. సీట్లో కూసున్న ఒకాయమ్మ, "ఇట్లియ్యక్కా సంచి, నా ఒళ్లో పెట్టుకుంటా" అనె. ఇస్తి. ఎవరని అడిగేదేముండాది, బస్సులో అందురం ఇస్తాము కదా. పలమనేరులో జనం దిగితే ముందర ఒక సీటు దొరికె. సంచికోసం వెనక్కి పోతే ఆయమ్మ కిటికీకి తలానించి కునుకు తీస్తాండాది. ఒళ్లో రెండు సంచులుండాయి. లేపేది ఎందుకులే అనుకున్నా.

నాకు సదువొచ్చు కదా పాపా! అరవై దాటినాక నేర్చిన సదువు. పైనుండే సంచి మీద పెండ్లికూతురి పేరు కూడబలుక్కున్నా, సరిపాయ. పెండ్లికొడుకు పేరు కూడబలుక్కున్నా, అదీ సరిపాయ. నాదే అని ఎత్తుకొచ్చేస్తి. కింద సంచి మీద ఏం రాసిండారో సూసినానా? సూడలేదే! ఆయమ్మా ఆ పెండ్లికే వచ్చిండాదని నాకేం తెలుసు!

వి.కోటలో ఆయమ్మ దిగిపోయ. బస్సు కదిలినాక ఆకు వేసుకుందామని సంచి తెరిస్తే, ఆకు లేదు, కాగితాలు లేవు. గుండె జారిపోయ. ఏమన్నా గుర్తు దొరకతాదేమో అని ఒక్కొక్కటీ బయటికి తీస్తాంటే, ఏం చెప్పేది పాపా, ఆ ఏడుపులో కూడా ఆశ్చర్యమేసింది.

పాత తైలం డబ్బీలో పిన్నీసులు, చిన్నవి, పెద్దవి. అగ్గిపెట్టెకు సుట్టిన తెల్ల దారం, దాంట్లో గుచ్చిన సూది. పెట్టె లోపల రెండు చొక్కా గుండీలు. ఓహో, మొగుడు బొజ్జ ఉండే మనిషి అనుకున్నా. ఒక నిమ్మకాయ. అరిగిపోయిన సబ్బుముక్క. మడిచి మడిచి తమలపాకంత చేసిన కవర్లు, వాంతి వచ్చేవాళ్లకేమో. ఒక మూర నైలాను తాడు. కడాన ఒక ఈల! బస్సు కండక్టరు ఊదతాడే, అట్లాంటిది. ఇంత వయసు మనిషికి ఈలెందుకు అని నేను ఆలోచిస్తాండా, నడుములో ఫోన్ మోగె.

"ఎవురక్కా నా సంచి ఎత్తకపోయినోళ్లు?"

"నేనేనమ్మా. సదువుకున్నదాన్ని కదా, అందుకే ఎత్తకపోయినా" అంటి.

కాగితాల కవరు మీద నా పేరు, నెంబరు నా చేత్తోనే రాసింటి. అది సూసి చేసిండాది. సంగతి చెప్తే, "ఏడవద్దక్కా. నువ్వు పోయి చెల్లెలికాడ కూసో. వెనకాల బస్సులో నేనే తెస్తా" అనె. ఆయమ్మ తన ఊరికి పోను ఇంకో బస్సు పట్టల్ల, అది వదులుకుని వచ్చె. మొగం కూడా సరిగ్గా సూడని మనిషి కోసం!

పన్నెండుకు ఇంకా కొంచెం ఉండాదనంగా వచ్చె, ఆయమ్మే మునెమ్మ. కాగితాలు డాక్టరమ్మ చేతిలో పెట్టినాక నాకు ఊపిరొచ్చె. మీ చిన్నవ్వకు ఆస్పత్రి పచ్చగౌను తొడిగిండారు, దానికి నాడాలు తెగిపోయి జారిపోతాండాది. అది సిగ్గుతో లోపలికి పోనంటే పోనంటాది. మునెమ్మ డబ్బీ తీసి రెండు పిన్నీసులు పెట్టె. పస్తు కడుపుతో వికారం అంటే నిమ్మకాయ గోటితో గీరి వాసన సూపించె.

"మునెమ్మా, అన్నీ సరే, ఆ ఈలెందుకమ్మా?" అని అడిగేసినా. ఆగలేకపోతి.

నవ్వె. "తిరనాళ్లలో మా ఇంటాయన యాడికో పోతాంటాడక్కా. పేరు పెట్టి పిలవను కదా! ఈల ఊదితే వస్తాడు" అనె.

"ఇప్పుడూ వస్తాడా?"

"ఇప్పుడు యాడొస్తాడు. పోయి మూడేండ్లాయ."

ఆయమ్మ చెయ్యి పట్టుకుంటి. అంతలో మీ చిన్నవ్వను లోపలికి పిలిచిరి.

దాని కన్ను నిలిచింది, నీకు తెలుసు కదా, ఇప్పుడు సీరియల్లో వాళ్ల నగలు కూడా లెక్కపెట్టి చెప్తాది. నువ్వూ మంచిగా రాసి సల్లగా రా తల్లీ, పిన్నీసులు నేనిస్తాలే.

మునెమ్మనా? మళ్లా సూడలేదు పాపా. గేటుదాకా సాగనంపను పోతి. ఆటోలో ఒక కాలు పెట్టి, ఏమో గుర్తొచ్చినట్ల వెనక్కి తిరిగి చెప్పె: "కట్టు ఇప్పేటప్పుడు పక్కన నిలబడొద్దక్కా. ఎదురుగా కూసో. మొదట నిన్నే సూడల్ల."