గాలి తగలనివ్వని కట్టు

అయ్యలారా, అమ్మలారా,

పని మానుకుని, ఎండలో నడిచి వచ్చారు. మన జమ్మలమడుగు నాపరాతి గనుల దగ్గర గుల్జార్‌బీ చేతి మందు తగలని ఇల్లు ఒక్కటైనా ఉందా? రాజధాని కర్నూలులో ఉన్న రోజుల్లో వచ్చింది. ఎనిమిదేళ్లు మన గాయాలు కడిగింది. పోయిన బుధవారం ఒక గాయంతోనే పోయింది. నేను ఆమె పక్కింటి వనజమ్మను. సభల్లో మాట్లాడే అలవాటు లేదు. ఒక సంగతి చెప్పక తప్పదు కాబట్టి లేచాను.

మన అలవాటు మీకు తెలుసు. రాయి కోసుకుంటే గాయంలో రాతిపొడి కూరి, గుడ్డతో బిగించి, మళ్లీ సుత్తి పట్టుకుంటాం. ఆమె ఆ కట్టు విప్పేది, కడిగేది, గాయాన్ని తెరిచే ఉంచేది. పాదం నలిగిన రోజు దస్తగిరి ఎంత గోల చేశాడు! "ఏంది బూబమ్మా, నా కాలితో ఈగలకు విందు పెడతాండావా?" అన్నాడు. "ఈగల్ని ఇసురుకోప్పా, కాలు మాత్రం నాకిడ్సు" అంది. దస్తగిరి ఈ రోజు రెండు కాళ్ల మీద నడిచి వచ్చాడు.

తెరిచి ఎందుకు ఉంచాలని నేనూ అడిగాను. నీళ్లు నింపిన తోలుతిత్తిని సూదితో పొడిచి చూపింది. "మన కండంతా ఇట్లాంటి తిత్తులే అక్కా, కంటికి కనపడనంత చిన్నవి. మట్టిలో ఒక పురుగుంటాది. గాలి తగలని చోట పెరిగి విషం కక్కుతాది. ఆ విషం తిత్తి పొరకు తూట్లు పెడతాది. లోపలిదంతా కారిపోయి కండ చస్తాది." నేను విన్నాను. నాకు అర్థమైంది. అవును, అర్థమైంది.

సోమవారం మధ్యాహ్నం బండ జారి ఆమె పిక్క లోతుగా తెగింది. తానే కడుక్కుని, తెరిచి ఉంచి, నొప్పికి మాత్ర వేసుకుని నిద్రపోయింది. నేను పక్కన కూర్చున్నాను. రక్తం ఊరుతోంది. ఈగలు ముసురుతున్నాయి. మూత లేని గిన్నెను చూసి ఓర్చుకోలేనిదాన్ని నేను. రాతిపొడి అద్ది, ఉతికిన గుడ్డతో గట్టిగా కట్టాను. అన్నీ తెలిసి కట్టాను.

తెల్లవారేసరికి కాలు కంచురంగుకు తిరిగింది. కట్టు విప్పి, వేలితో నొక్కి చూసుకుంది. చర్మం కింద చిటచిటమంది. కట్టింది నేనేనని చెప్పాను. "ఏడవొద్దక్కా. పదిమందిలో చెప్పు. నువ్వు చెప్తే శానామంది నమ్ముతారు" అంది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కాలు తీసేశారు. విషం అప్పటికే పైకి పాకింది. కట్టు లేకున్నా ఇలాగే జరిగేదేమో అన్నారు డాక్టరు. కావచ్చు. ఆ మాట వెనుక నేను దాక్కోలేను.

నాయనా ఇక్బాల్, ముందు వరుసలో కూర్చున్నావు. నీ తల్లి కాలికి కట్టు కట్టింది నేనని నీకు ఇప్పుడే తెలుస్తోంది. మన్నించమని అడగను.

అందరం లేచి, ఆమె కోసం కాసేపు మౌనంగా నిలబడాలి. దానికి ముందు ఒక్క పని. మీలో ఎవరి ఒంటి మీదైనా అలా బిగించిన కట్టు ఉంటే, ఇక్కడికి రండి. కంపౌండరు కాచిన నీళ్లు, మందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపైనా ఆగుతాం. ఆఖరి కట్టు విప్పాకే లేచి నిలబడదాం.