మూడు రోజులు ఆపిన పందెం

ఆదివారం పక్క వీధి వాళ్లతో పోకర్ పోటీ. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల వీధిని నెల్లాళ్లు ఊడవాలి. కిందటేడు ఊడ్చింది మేమే. ఈసారి మా తరఫున ఎవర్ని కూర్చోబెట్టాలా అని టైలరక్క కొట్లో ప్లంబరూ, పోస్ట్‌మ్యానూ, మేమంతా తర్జనభర్జన పడుతుంటే, కరెంటు మీటర్లు చూసే బాబాయ్ లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నేనుండగా ఇంకో మనిషెందుకురా? అసలు మీకు ఆట తెలుసా? చేతిలో రెండే ముక్కలు, అవి ఎదటివాడికి కనపడవు. బల్ల మీద పరిచే అయిదూ అందరివీ. చేతిలోకి రాజుల జతో ఆసుల జతో వచ్చిందనుకో, పందెం ఎప్పుడు పెంచాలన్నదే విద్య. తొందరపడ్డావా, అందరూ ముక్కలు పడేసి చక్కాపోతారు. ఆలస్యం చేశావా, ఎవడో అనామకుడు రెండో మూడో కలుపుకుని నీ రాజుల్ని మట్టి కరిపిస్తాడు. నాకు మొదటిసారి రాజుల జత వచ్చింది మా బావమరిది ఇంట్లో. చొక్కా గుండీలే పందెం. నాలుగు గుండీలుంటే పన్నెండు చేశాను. ఇద్దరు పారిపోయారు, ఒకడు నిలబడ్డాడు, వాడి గుండీలన్నీ ఊడ్చి చొక్కా కూడా తెచ్చేసుకున్నాను. ఇదేం పెద్ద చెప్పుకోదగ్గ సంగతి కాదనుకో."

"చొక్కా కూడానా?" అన్నాడు ప్లంబరు.

"గుండీల్లేని చొక్కా వాడికెందుకురా? సరే విను, ఆ పేరు పాకిపోయి ఒక ఓడ కెప్టెను నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నన్ను ఓడెక్కించి, గది నిండా ఉన్న బల్ల ముందు కూర్చోబెట్టి ముక్కలు పంచించాడు. ఇలా కొద్దిగా ఎత్తి చూద్దును కదా, రెండు ఆసులు! గుండె ఆగింది. అంటే, నేనే ఆపాను. చప్పుడు వినపడితే కెప్టెను కనిపెట్టేస్తాడని."

"ఎంతసేపు ఆపావు?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"ఓ పావుగంట. నాకలవాటే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇప్పుడే పెంచుదామా, ఆగుదామా అని ఆలోచనలో పడ్డాను. మూడు రోజులు గడిచాయి. మధ్యలో ముక్కలు పంచినవాడికి కూతురు పుట్టిందని కబురొచ్చింది. పాపం వెళ్లి, పేరు పెట్టి, పిల్లకి మొదటి పన్ను వచ్చాక తిరిగొచ్చి కూర్చున్నాడు."

"మూడు రోజుల్లో పన్నా?"

"ఆరోగ్యమైన పిల్లరా! మధ్యలో అడ్డు రాకు. నా గడ్డం పెరిగి బల్ల మీదకి పాకింది, ముక్కలు దాని కిందే దాచాను. కెప్టెను జుట్టు నా కళ్లముందే తెల్లబడింది. 'అయ్యా, పెంచితే పెంచు, లేదా నన్ను నీళ్లలోకి తోసెయ్' అని ఒకటే ఏడుపు. అప్పటికే పందెంలో ఓడ పెట్టాడు, లంగరు పెట్టాడు, రేవులో దీపస్తంభం పెట్టాడు, చివరికి సముద్రం కూడా పెట్టేశాడు. అదీ అదను! 'పెంచాను' అన్నాను. మామూలుగానే అన్నాన్రా, ఇలాగే. కిటికీల అద్దాలు భళ్లుమన్నాయి. రేవులో నీళ్లు నాలుగు గజాలు వెనక్కెళ్లిపోయాయి. చేపలు బురదలో తోకల మీద నిలబడి నాకేసి చూశాయి!"

"గెలిచావా మరి?"

"గెలవక? కానీ ఓడ పెట్టుకోవడానికి మన వీధిలో చోటేదీ? జాలిపడి తిరిగిచ్చేశాను. సముద్రం మాత్రం ఇప్పటికీ నాదే, కాగితాలు ఇంట్లో ఉన్నాయి."

అప్పటిదాకా తలెత్తకుండా కుడుతున్న టైలరక్క మిషను ఆపింది. సొరుగులోంచి పేక తీసి, కాసేపు అటూ ఇటూ తిప్పి, తనతో కలిపి నలుగురికీ గుప్పెడేసి గుండీలూ రెండేసి ముక్కలూ వేసింది.

"ఇదిగో బాబాయ్, ఒక్క ఆట ఆడి చూపించు. ఆదివారం నిన్నే కూర్చోబెడతాం."

పోస్ట్‌మ్యాన్ అయిదు గుండీలు పెట్టాడు. ప్లంబరూ పెట్టాడు. అక్క పది చేసింది.

బాబాయ్ ముక్కల అంచు ఎత్తి చూశాడు. మూసేశాడు. మళ్లీ చూశాడు. చెవులు కందిపోయాయి, మెడ మీద చెమట పట్టింది.

"పెంచుతావా బాబాయ్?"

"ఉండమ్మా, తొందరపెట్టకు." చేతిలో గుండీలు గలగలలాడుతున్నాయి. గుప్పిట బిగించినా ఆ చప్పుడు ఆగలేదు. "ఎందుకొచ్చిన గొడవ... చెత్త ముక్కలమ్మా. నేను ఆడను." రెండు ముక్కలూ బోర్లా పడేసి నుదురు తుడుచుకున్నాడు.

ప్లంబరు వాటిని తిరగేశాడు. రెండూ రాజులే.

బాబాయ్ స్టూలు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. "అది... అదను కాదమ్మా. గాలి వాటం బాగాలేదు."

"బాబాయ్," అంది టైలరక్క మెత్తగా, "ఆ రెండు రాజుల్నీ పేకలోంచి ఏరి నీ చేతికిచ్చింది నేనే. మా ముగ్గురికీ వేసిందంతా చెత్తే. రాజుల్ని చూసే ఇంత జడుసుకున్నావు, రేపు ఆసులొస్తే నిన్ను ఆసుపత్రికి మోసేదెవరు?"