పెట్టె తలుపు మీద చెయ్యి

కేన్సర్ పరిశోధనశాలలో, ఫ్రిజ్ అంత ఎత్తున్న పెట్టె ముందు ఒక తల్లీ, తెల్లకోటు వేసుకున్న అమ్మాయీ నిలబడి ఉన్నారు.

"ఇందులోనేనా తల్లీ, మావాడివి?"

"అవునమ్మా. మీ అబ్బాయి ఎముక మూలుగలోంచి తీసిన రక్త కేన్సర్ కణాలు. మీరు సంతకం పెట్టి ఇచ్చినవే."

"వాడు పోయి మూడేళ్లయింది. ఇవెలా బతికున్నాయి?"

"రెండ్రోజులకోసారి వాటి తిండి మారుస్తాను. పెట్టె ఎప్పుడూ ఒంటి వేడి మీదే ఉంటుంది."

"ముట్టుకోవచ్చా?"

"తలుపు ముట్టుకోండి."

"వెచ్చగానే ఉంది. నీ దగ్గర వేళకి తింటున్నాడన్నమాట. నన్నయితే కంచం పట్టుకుని ఇల్లంతా తిప్పేవాడు."

"వీటిని చంపుతుందేమోనని మొన్న కొత్త స్టెరాయిడ్ మందు వేశానమ్మా. పొద్దున చూస్తే సగానికి పైగా బతికే ఉన్నాయి. మందు సరిగ్గా పనిచేయలేదు. నవ్వుతున్నారేంటమ్మా?"

"పాపిష్టిదాన్ని. బతికున్నాయనగానే ప్రాణం లేచొచ్చింది. వాణ్ణి తినేసినవి ఇవేనని తెలుసు. ఇంకెవరి బిడ్డో ఈ మందు కోసం మంచం మీద ఎదురుచూస్తున్నాడనీ తెలుసు."

"ఇప్పుడు మోతాదు పెంచి వెయ్యాలమ్మా. తలుపు తీయాలి."

"తియ్యి తల్లీ, తియ్యి. ఇంకాస్సేపు చెయ్యి ఉంచుకుంటాను, అంతే."