మాయత్త ఇంజను మీద పోసిన పసుపు నీల్లు

"మామ్మా, నా కారు సెల్ఫ్ కొడితే తిరుగుతోంది గాని ఇంజను అందుకోవట్లేదు. తాతయ్య కారుకీ ఇలాగే అయ్యేదా?"

అయ్యేదేటే, ఒకపాలి అయ్యి ఇల్లంతా గందరగోలమైపోనాది. నాకేటి తెలుసునంటావేటి? పాతపట్నంలో టాక్సీ తోలినోడి పెల్లాన్నే నాను. ఇంజను దగ్గిన సప్పుడు బట్టి మీ తాత ఆ రోజు అన్నానికెప్పుడొస్తాడో సెప్పీగల్దును. నిన్న నువ్వు బోనెట్టెత్తి నీల్ల పైపెట్టి కడిగినావు కదా, నాను సూసినాన్లే. కూకో ఇలాగ, మెకానిక్కొచ్చీదాకా సెప్తాను.

మీ తాతకి పాత అంబాసిడరుండీది, మీగడ రంగుది. కాదు కాదు, కొన్నప్పుడు నలుపు, మీగడ రంగు తరవాతేయించినాడు. మాకు కూడెట్టిన బండి అది. అందుకే దసరా వస్తే మాయత్త దాన్ని సంటిగుంటకి తలంటినట్టు కడిగీది. అందరూ పైపైన కడిగి బొట్లెట్టీస్తారు కదా, ఆవిడకది సాల్దు. ఆ యేడు బోనెట్టెత్తి, కట్టపడీదంతా నోపలుంటే పైకి పూజేటి అనీసి, ఇత్తడి బిందితో పసుపు నీల్లు ఇంజను మీద పోసీసినాది. మీ తాత కొబ్బరికాయలకి బజారెల్లినాడు, సూడ్నేదు. పూజయ్యాక మరి ఆ రోజంతా బండి కదపకూడదు మా ఇంట్లో. తెల్లారీదాకా అలాగే ఉండిపోనాది.

తెల్లారితే మా ఆడబడుసు సరోజ సికాకోలెల్లాల. మీరు నర్సు మామ్మ అనీవోరే, ఆవిడే. అక్కడ మిషనోల్ల ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి ఆడపిల్లల్ని ఎంచుకుంటన్నారు, ఆ ఒక్క పూటే. తండ్రి నేని గుంట, ఆ సదువంటే దానికి పేనం. మాయత్తకేమో ఇట్టం నేదు. హాస్టల్లో ఉంటే రేపు దీన్నెవులు సేసుకుంటారని. మీ తాత బతిమాలగా బతిమాలగా సరేనన్నాది, అదీ మూతి ముడుసుకోనే. ఇంటికాడ కారుండగా బస్సెందుకులెమ్మని పొద్దుటి బస్సు ఒగ్గీసినాం.

సెల్ఫ్ కొడితే గిరగిరా తిరుగుతాది, అందుకోదు. మల్లీ కొడితే అంతే. బేటరీ బాగున్నాది. పెట్రోలు వాసనొస్తన్నాది. అయితే నిప్పు నేదన్నాడు మీ తాత. ప్లగ్గు వైరూడదీసి ఇనప దగ్గిరెట్టి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. సిటుక్కుమని రవ్వ రావాల. రానేదు.

అంతలో గుమ్మంలోంచి మాయత్త అనీసినాది, "అమ్మోరు వద్దంటన్నాది. ఇంకెల్లొద్దు" అని.

సూడు, ఆ మాటన్నాక ఇంకెవులేటనగలరు? సరోజ ఏడవనైనా ఏడవనేదు. మెల్లిగా కొత్త సెప్పులిప్పీసి సంచీ పట్టుకోని ఇంట్లోకెల్లబోనాది.

మీ తాత ఇంజను మీద నల్ల మూతొకటి ఇప్పినాడు. ప్లగ్గులికి కరెంటు పంచీ మూతది. దాన్నోపల తడి, తడితోపాటు పచ్చగా పసుపు. ఆయనకర్దమైపోనాది, నాకూ అయిపోనాది. పండగ మర్నాడు కన్నతల్లినేటనగలడు? తడొచ్చినాది, ఆరాల అన్నాడంతే, ఆ మూత సేత్తో పట్టుకోని.

మాయత్త దగ్గిరికొచ్చి అందులోకి సూసినాది. ఏలెట్టి పసుపు తీసి సూసుకున్నాది. తరవాత ఆయన సేతిలోంచి మూత లాక్కోని వంటింట్లోకెల్లి, కొత్త కోక సెంగుతో తుడిసినాది. ఆ కోక మా మావ బతికుండగా నరసన్నపేటలో కొన్నాడు... కాదులే, మీ తాతే కొన్నాడు, ఆ పండక్కే. ఇప్పుడా డబ్బుకి జాకెట్టు ముక్కైనా రాదు. తుడిసి, పొయ్యి సెగకి దూరం నుంచే అటూ ఇటూ తిప్పి ఆరబెట్టినాది. నాను వైర్లు తుడిసినాను. మీ తాత ప్లగ్గులిప్పి ఆరబెట్టినాడు, ఊరికే సెల్ఫ్ కొడితే అవి పెట్రోల్తో తడిసిపోతాయి మరి. అన్నీ బిగించి కొట్టగానే అందుకున్నాది.

అయినా సరోజ కారెక్కనేదే. తల్లి మొకమే సూస్తన్నాది. బండి కదిల్తే సరిపోద్దేటి, అమ్మోరి పేరెట్టి అన్న మాట నడిమిన అలాగే ఉండిపోనాది కదా. మాయత్త ఎవులి దగ్గిరా తగ్గిన మనిసి కాదు. అలాటిది ఈదిలో జనం ఇంటుండగా, ఆ సెప్పులు తనే తెచ్చి కూతురి కాల్ల దగ్గిరెట్టి అన్నాది.

"ఎల్లమ్మా. అమ్మోరేటీ అన్నేదు. నీల్లు పోసింది నానే, వద్దన్నదీ నానే."

సరోజ నర్సయినాది. మీ నాన్న పుట్టినప్పుడు నా పక్కనున్నదీ, ఆకర్న మాయత్త మంచాన పడితే సూసుకున్నదీ ఆవిడే. అవన్నీ సరే. నాను మాత్రం తల్సుకోని దండమెట్టీది మాయత్త అన్న ఆ ఒక్క మాటకే. దేవుడి పేరు సెప్పి ఊరుకుంటే ఎవులడుగుతారే? ఎవులూ అడగరు. ఊరుకోనేదు మా తల్లి.

నువ్వూ రేపు ఓ ఇంటికి పెద్దదానివవుతావు. నీ మాట కోసం ఓ గుంట గుమ్మంలో నిలబడుంటాది. ఆ పూట తప్పు నాదేనని సెప్పీ ఆ నోరు నీకూ రావాల. సల్లగుండమ్మా...